బొమ్మ రైలు చుట్టూ మన నేల: మోడల్ రైల్వేకి పొలాలు, కొండలు, తాడిచెట్లు ఎలా కట్టాలి

పట్టాలు వేశారు, వైర్లు కలిపారు, ఇంజన్ చక్కగా తిరుగుతోంది. చుట్టూ మాత్రం ఇంకా ప్లైవుడ్డే కనిపిస్తోంది. చాలా లేఅవుట్లు (బల్ల మీద కట్టుకునే బొమ్మ రైలు అమరికలు) ఇక్కడే ఆగిపోతాయి. మాదీ రెండేళ్ళు అలాగే పడి ఉంది. కొనే సామాను ఖరీదు ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం ఇంకోటి ఉంది. ఆ ప్యాకెట్లలో వచ్చేవి చలిదేశాల గడ్డి, చలిదేశాల చెట్లు. వాటి మధ్య మన రైలు నడిస్తే అది మన ఊరి బండి అనిపించదు.

మాది ఒడిశా-ఆంధ్ర సరిహద్దులోని పర్లాకిమిడి. నేను కట్టుకున్నది మా చిన్న రైలు దారి. నౌపడా నుంచి పర్లాకిమిడి దాకా మహారాజావారు వేయించిన రెండున్నర అడుగుల గేజ్ (రెండు పట్టాల మధ్య దూరం) లైను అది. 1900లో మొదలైంది, 1931లో గుణుపురం దాకా వెళ్ళింది. 2004లో గేజ్ మార్పిడి కోసం ఆపేశారు. 2011కల్లా గుణుపురానికి పెద్ద బండి వచ్చింది. మా నాన్న చెయ్యి పట్టుకుని ఆ చిన్న బండిలో తిరిగినవాణ్ణి. కిటికీలోంచి చూసిన పొలం గట్లు, తాడిచెట్లు, మహేంద్రగిరి వైపు కొండలు ఇప్పుడు మేడ మీది గదిలో ఉన్నాయి. మీది రాయగడ అయినా, బరంపురం అయినా, సిరోంచ అయినా పద్ధతి ఇదే. మట్టి రంగు, చెట్లు మారతాయి, అంతే.

కొలత సంగతి ముందు చెప్తాను. నాది 1:87 స్కేలు, అంటే అసలు కొలతలో 87వ వంతు. దాన్ని హెచ్‌ఓ అంటారు. అసలు గేజ్ 762 మిల్లీమీటర్లను 87తో భాగిస్తే దాదాపు 8.8 వస్తుంది. అందుకే ఎన్ గేజ్ (ఇంతకంటే చిన్న స్కేలు) వాళ్ళ 9 మిల్లీమీటర్ల పట్టాలు ఈ స్కేలులో నేరో గేజ్‌కి సరిగ్గా సరిపోతాయి. ఈ 87 అనే అంకె నోటికి రావాలి, ఎందుకంటే ఇకపై చేసే ప్రతిదాన్నీ దాంతోనే భాగించుకోవాలి.

బల్ల ముట్టుకునే ముందు

ఒక నోట్ బుక్కు, ఫోను, నాలుగు ప్లాస్టిక్ కవర్లు పట్టుకుని లైను పక్కకి వెళ్ళండి. పట్టాల మీదికి కాదు. గేటు దగ్గరో, కట్ట కింది పొలం గట్టు మీదో నిలబడితే చాలు. కవర్లలో మట్టి తెచ్చుకోండి: మెట్ట మీదిది ఒకటి, పొలంలోది ఒకటి, గెడ్డ (వాగు) ఒడ్డు ఇసక ఒకటి, బండి బాట దుమ్ము ఒకటి. నాలుగూ ఒక తెల్ల కాగితం మీద పక్కపక్కన పోసి చూడండి. "మట్టి రంగు" అని మనం ఒక్క మాటతో తేల్చేసేది నిజానికి నాలుగు రంగులు.

ఏ నెలో కూడా అప్పుడే తేల్చుకోండి. శ్రావణం అయితే అంతా పచ్చ, గెడ్డలో ఎర్ర నీళ్ళు. ఫాల్గుణం అయితే ఆకు రాలిన మోదుగలు, వాటి నిండా నారింజ పూలు. నేను డిసెంబరు నెల ఎంచుకున్నాను. కోత అయిపోయి మొళ్ళు (కోసిన వరి మొదళ్ళు) మిగిలిన మడులు, కళ్ళంలో కుప్పలు, పొద్దున్నే పలచటి మంచు. ఒక మూల నాట్లు, ఇంకో మూల కోతలు పెడితే ఎంత పనితనం ఉన్నా చూసేవాళ్ళ కన్ను నమ్మదు.

ఇంకో మాట. ఊరంతా పట్టించాలని చూడకండి. 16 అడుగుల గోడ పొడవు ఈ స్కేలులో 425 మీటర్లకి మించదు. అందులో స్టేషను చివర, ఒక తూము, ఒక పొలం ముక్క, గెడ్డ మీద చిన్న వంతెన వస్తాయి. ఆ నాలుగూ బాగా చేస్తే మిగతా ఊరిని చూసేవాళ్ళే ఊహించుకుంటారు.

బల్ల వెడల్పు రెండున్నర అడుగులు దాటనివ్వకండి. చెయ్యి అందని చోట పట్టాలు తప్పిన బండిని తీయాలంటే మోచేతి కింద చెట్లన్నీ పోతాయి. చెక్కకి చెదల మందు కొట్టాకే ఫ్రేము బిగించండి. సీనరీ మొదలుపెట్టే ముందు కనీసం నెల రోజులు బండ్లు తిప్పి, పట్టాలు ఎక్కడ తప్పుతున్నాయో, కరెంటు ఎక్కడ అందట్లేదో సరిచేసుకోండి. మట్టి పోశాక ఆ పని నరకం.

నీళ్ళు ఎటు పోతాయి?

మా వీధిలో రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరైన తాతగారు ఒకాయన ఉన్నారు. మొదటిసారి నేను కట్టిన నేల చూపించడానికి ఆయన్ని మేడ మీదికి తీసుకెళ్ళాను. బల్ల మీద నున్నగా పచ్చ రంగు వేసి, రంపపు పొట్టు చల్లి, మధ్యలో పట్టాలు. ఆయన చాలాసేపు వంగి చూసి, "బాగుంది బాబూ. మరి వానొస్తే ఈ నీళ్ళు ఎటెళ్తాయి?" అన్నారు.

ఆ ఒక్క ప్రశ్నతో అదంతా పీకేసి మళ్ళీ మొదలుపెట్టాను. నీరు పల్లమెరుగు అంటాం. నేల రూపం అంతా నీళ్ళు దిద్దిందే. రైలు కట్ట ఎత్తుగా ఉండేది పట్టాలు మునగకుండా. కట్టకి రెండు పక్కలా గుంటలు ఉండేది ఆ మట్టి అక్కడే తవ్వారు కాబట్టి. వానాకాలం నీళ్ళు అందులోనే నిలుస్తాయి. తూము ఉండేది ఎగువ పొలాల నీళ్ళు దిగువకి దాటాలి కాబట్టి. మీరు బల్ల మీద ఏ చోట వేలు పెట్టినా, అక్కడ పడ్డ చుక్క ఎటు పోతుందో చెప్పగలగాలి.

అందుకని చేయవలసిన మొదటి పని నేలని పట్టాల కంటే కిందికి దించడం. ప్లైవుడ్డు మీద నేరుగా పట్టాలు వేస్తే నేల, లైను ఒకే ఎత్తులో ఉంటాయి. బొమ్మలా కనిపించడానికి సగం కారణం అదే. పట్టాల కింద మాత్రం ప్లైవుడ్డు పట్టీ ఉంచి, రెండు పక్కలా కోసేసి, రెండు అంగుళాల కింద థర్మాకోల్ బిగించండి. దాని మీద నేలని కావలసిన ఎత్తుకి పేర్చుకోవచ్చు. రెండు మీటర్ల కట్ట అంటే మనకి 23 మిల్లీమీటర్లు. పొలం గట్టు ఒక అడుగు ఎత్తు అంటే మూడున్నర మిల్లీమీటర్లు. మడులన్నీ ఒకే మట్టంలో ఉండకూడదు. ఎగువ మడికి, దిగువ మడికి మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల దిగుడు ఉండాలి, గట్టులో నీళ్ళు వదిలే గండి ఒకటి కనపడాలి.

మిట్టలు, కొండ పాదాలకి థర్మాకోల్ పలకల్ని మెట్లు మెట్లుగా అతికించి, పొడవాటి కట్టర్‌తో చెక్కండి. అతికించడానికి ఫెవికాల్ చాలు. స్ప్రే పెయింట్, థిన్నర్ మాత్రం థర్మాకోల్ దగ్గరికి రానివ్వకండి. ఒకసారి నేను డబ్బా స్ప్రేతో గోధుమ రంగు కొట్టాను. రెండు నిమిషాల్లో కొండ ముక్క నా కళ్ళ ముందే లోపలికి కుంగిపోయింది.

చెక్కిన దాని మీద ప్లాస్టర్ బ్యాండేజీ పరవాలి. విరిగిన చేతికి కట్టు కట్టే పీఓపీ బ్యాండేజీయే, మందుల షాపుల్లో దొరుకుతుంది. చిన్న ముక్కలు కోసి, నీళ్ళలో ముంచి, రెండు పొరలు వేసి వేలితో నిమరండి. ఆరాక పీఓపీ జావలో కాస్త ఎర్రమన్ను రంగు కలిపి పైన పూయండి. రంగు కలపడం మర్చిపోవద్దు. రేపు ఎక్కడైనా పెచ్చు ఊడితే తెల్లగా పళ్ళు బయటపెట్టకుండా ఉంటుంది. ఈ పని చేసేటప్పుడు పట్టాల మీద పేపర్ టేపు అతికించి ఉంచాలి. తడి ఆరేలోపు మీ దగ్గరున్న అన్నిటికంటే పొడవైన పెట్టెని వంపుల్లో ఒకసారి తోసి చూడండి, మూలలు ఎక్కడైనా రాసుకుంటున్నాయేమో తెలుస్తుంది.

మట్టి వేయడం

తెచ్చిన మట్టిని పాత పెనం మీద సన్నసెగన పావుగంట వేయించండి. పురుగు, తేమ పోతాయి. చల్లారాక ముందు పిండి జల్లెడ, తర్వాత టీ వడకట్టు, చివర పాత నైలాన్ సాక్సు. ఈ మూడింటితో మూడు రకాల మెత్తదనం వస్తుంది. బాట మీదికి సాక్సు దుమ్ము, మెట్టకి టీ వడకట్టుది, గెడ్డ ఒడ్డుకి జల్లెడ మీద మిగిలింది.

తర్వాత చేయవలసింది ఎవరూ మానకూడని పని. ఒక బలమైన అయస్కాంతాన్ని పాలిథిన్ కవర్లో చుట్టి మట్టిలో నాలుగైదు సార్లు తిప్పండి. మన మెట్ట మట్టిలోంచి నల్లటి సన్న రజను దానికి అంటుకుని వస్తుంది. అది వదిలేస్తే ఇంజన్ మోటారులో ఉన్న అయస్కాంతం రోజూ కొంచెం కొంచెం లాక్కుంటుంది, ఒకరోజు మోటారు పట్టేస్తుంది.

నేలకి ముందు మట్టి రంగు పెయింటు వేయండి. తడి ఆరకముందే ఫెవికాల్, నీళ్ళు సగం సగం కలిపిన జిగురు బ్రష్‌తో పూసి, పై నుంచి మట్టి చల్లండి. ఆ తర్వాత గిన్నెలు కడిగే లిక్విడ్ రెండు చుక్కలు వేసిన నీళ్ళు స్ప్రే చేసి అంతా తడపాలి. సబ్బు లేకపోతే జిగురు బంతులై మట్టి మీద దొర్లుతుంది. సబ్బు ఉంటే మట్టి టక్కున పీల్చుకుంటుంది. తడిసిన నేల మీద ఒక వంతు ఫెవికాల్, మూడు వంతుల నీళ్ళు కలిపి సూది తీసేసిన సిరంజితో చుక్కలు చుక్కలుగా వదలండి. ఎండాకాలం ఒక రోజుకి రాయిలా బిగుస్తుంది. వానాకాలం మూడు రోజులు పడుతుంది, తొందరపడి ముట్టుకోకండి.

పట్టాల మధ్య కంకరకీ ఇదే పద్ధతి. క్రషర్ దగ్గర దొరికే రాతి పొడిని టీ వడకట్టులో జల్లించి వాడండి. అసలు 50 మిల్లీమీటర్ల రాయి మనకి అర మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ, అంతే. బజార్లో దొరికే ముతక కంకర వేస్తే బండరాళ్ళ మధ్య రైలు నడిచినట్టుంటుంది. బండి ఒక దారి నుంచి ఇంకో దారికి మళ్ళే పాయింట్ల దగ్గర కదిలే రేకుకి జిగురు తగలకూడదు. అక్కడ కంకరని అగ్గిపుల్లతో ఒక్కొక్కటే సర్దాలి. మా చిన్న రైలు దారిలో నాకు గుర్తున్నంత వరకు కంకర కంటే మట్టి, గడ్డే ఎక్కువ కనపడేవి. అందుకే నేను కంకర మీద సాక్సు దుమ్ము మళ్ళీ చల్లాను.

పొలం, గడ్డి

కోసిన మడికి గోనెపట్టా కంటే మంచి సరుకు నాకు ఇంతవరకు దొరకలేదు. పాత బియ్యం గోనె పురి విప్పి, పోగులు దువ్వి, కట్టగా పట్టుకుని రెండు మిల్లీమీటర్లకి కత్తిరించండి. అసలు మొళ్ళు జానెడు ఎత్తు ఉంటాయి, దానికి ఇది సరైన కొలత. జిగురు రాసిన మడిలో పట్టకారుతో వరసలు వరసలుగా నాటాలి. అవును, నాటాలి. అరచేయంత మడికి నాకు మూడు సాయంత్రాలు పట్టింది. కానీ పక్కనుంచి వెలుగు పడినప్పుడు ఆ వరసల నీడలు చూస్తే మళ్ళీ కూర్చోబుద్ధేస్తుంది.

నిలబడి ఉన్న వరికి ఒక సెంటీమీటరు పోగులు కావాలి. గెడ్డ ఒడ్డు రెల్లుకి కొండచీపురు కొసలు తెంపి గుచ్చండి. సంతలో గిరిజనులు అమ్మే చీపురు ఒకటి కొంటే మొత్తం లేఅవుట్‌కి సరిపోతుంది. మామూలు గడ్డికి రంపపు పొట్టుని రంగు నీళ్ళలో ఉడికించి ఆరబెట్టి వాడొచ్చు. ఒకే పచ్చ వద్దు. ముదురు, లేత, ఎండు పసుపు మూడూ విడివిడిగా చేసి చేత్తో కలుపుతూ చల్లండి. దోమల బ్యాట్ విప్పి గడ్డిని నిటారుగా నిలబెట్టే పరికరం చేసుకోవచ్చని వీడియోలు చాలా ఉన్నాయి. ఎలక్ట్రికల్ పని వచ్చినవాళ్ళకే అది; దానిలోని కెపాసిటర్ స్విచ్ ఆపాక కూడా షాక్ కొడుతుంది. పిల్లలు ఉన్న ఇంట్లో వద్దనే చెప్తాను.

తాడిచెట్టు

మన వైపు లేఅవుట్ మన వైపుదని దూరం నుంచే చెప్పేది తాడిచెట్టు. అందుకే దీని మీద నేను ఎక్కువ టైం పెట్టాను.

15 మీటర్ల తాడి మనకి 17 సెంటీమీటర్లు. కబాబ్ పుల్ల తీసుకుని పేపర్ టేపు చుట్టండి. మొదట్లో ఏడు మిల్లీమీటర్ల లావు, పైకి వెళ్ళేకొద్దీ నాలుగు. టేపు మీద ముతక కుట్టు దారాన్ని దగ్గర దగ్గరగా చుట్టి ఫెవికాల్ పూస్తే కాండం మీది గీతలు వస్తాయి. రంగు గోధుమ కాదు. తాడి కాండం నలుపు కలిసిన బూడిద రంగు. వాన తగిలే పక్క ఇంకా నలుపు.

ఆకుకి మామూలు జిరాక్స్ కాగితానికి రెండు వైపులా ఆకుపచ్చ వేసి, పావలా బిళ్ళంత గుండ్రంగా కత్తిరించండి. సగానికి మడిచి, మళ్ళీ మడిచి, విసనకర్రలా మడతలు పెట్టి, అంచుని కత్తెరతో సన్నగా చీల్చండి. వెనక మోటార్ వైండింగ్ షాపులో దొరికే రాగి తీగ ముక్క అతికిస్తే అదే తాటిమట్ట. ఒక్కో చెట్టుకి పాతిక ఆకులు. పైవి నిటారుగా, మధ్యవి అడ్డంగా, కిందవి నాలుగైదు వేలాడుతూ. వేలాడేవాటికి ఎండు గడ్డి రంగు వేయండి. గీత కార్మికుడు ఎక్కే చెట్టయితే కింద ఎండు మట్టలు ఉండవు, కొట్టేస్తాడు. దానికి గెలల దగ్గర ఒక నల్లపూస కట్టండి, కల్లు కుండ అవుతుంది.

చెట్టు ఎక్కడ పెట్టాలన్నది చేసినంత ముఖ్యం. మడి మధ్యలో తాడి నాటరు. గట్ల మీద, బాట పక్కన, చెరువు గట్టు మీద ఉంటాయి. రెండు దగ్గరగా, ఒకటి దూరంగా, ఒకటి కాస్త వాలి, పిడుగు పడి తల పోయిన మోడు ఒకటి. సమాన దూరంలో పెడితే పార్కు అయిపోతుంది.

జీడిమామిడి, మామిడి, చింతకి అదే వైండింగ్ తీగ పది పోగులు మెలేసి కొమ్మలు విడదీసి, పీఓపీ జావ పూస్తే మాను తయారు. ఆకుకి పరుపుల షాపులో పడేసే స్పాంజి ముక్కలు రంగులో ముంచి ఆరబెట్టి, ఇంట్లో వాడని పాత మిక్సీ జార్లో తిప్పండి. జీడి చెట్టు గొడుగులా వెడల్పుగా, కొమ్మలు నేలకి దగ్గరగా ఉంటుంది. చింత గుబురుగా, గుండ్రంగా. ఈ తేడా చూపిస్తే చాలు, ఆకులు లెక్కపెట్టేవాళ్ళు ఎవరూ ఉండరు.

గెడ్డ

నీళ్ళ రంగు నీళ్ళలో ఉండదు, అడుగున ఉంటుంది. ముందు గెడ్డ అడుగుకి రంగు వేయండి. లోతు దగ్గర ముదురు ఆకుపచ్చ కలిసిన నలుపు, ఒడ్డుకి వచ్చేకొద్దీ ఇసక రంగు. మా ఊరి మహేంద్రతనయ నది డిసెంబరులో పాయలు పాయలుగా పారుతుంది. ఇసక ఎక్కువ, నీళ్ళు తక్కువ. ఆ పాయలే చెక్కండి, ఒడ్డు నుంచి ఒడ్డు దాకా నీళ్ళు నింపకండి.

పైన ఎపాక్సీ రెజిన్ (గాజులా గట్టిపడే ద్రవం) పోయాలి. డబ్బా మీద చెప్పిన పాళ్ళు తూకంతో కొలవండి, కంటి అంచనా పనికిరాదు. మూడు మిల్లీమీటర్లకి మించి ఒకేసారి పోయకండి. ఒక పొర గట్టిపడటానికి ఒక రోజు పడుతుంది. గాలిలో తేమ ఎక్కువున్న రోజున పోస్తే పైన పాల మీగడలా మసక వస్తుంది కాబట్టి ఈ పని మాఘం తర్వాతికి పెట్టుకోండి. చేతులకి గ్లౌజులు, తెరిచిన కిటికీలు తప్పనిసరి. బల్ల అంచు దగ్గర గెడ్డ తెగే చోట టేపుతో గోడ కట్టి, సిలికాన్‌తో మూసి, ముందు మామూలు నీళ్ళు పోసి పరీక్షించి, అంతా బాగా ఆరాకే రెజిన్ పోయండి. నేను పరీక్షించలేదు. సూది బెజ్జమంత సందులోంచి రాత్రంతా కారి, పొద్దున్నకి గెడ్డ సగం గచ్చు మీద గట్టిపడి ఉంది. రెజిన్ వద్దనుకుంటే గ్లాస్ వార్నిష్ ఐదారు పూతలు వేసినా లోతు తక్కువ గెడ్డకి సరిపోతుంది.

వెనక కొండలు

మహేంద్రగిరి ఎత్తు 1501 మీటర్లు. మన స్కేలులో 17 మీటర్లు దాటుతుంది, అంటే ఐదంతస్తుల మేడంత. కట్టలేం, కాబట్టి గోడ మీద వేయాలి. దగ్గరి కొండకి ఆకుపచ్చ, దాని వెనకదానికి అదే రంగులో తెలుపు, కాస్త నీలం కలపండి, చివరి వరస ఆకాశం కంటే ఒక్క పిసరు ముదురు. గోడ, బల్ల కలిసే గీత కనపడకుండా అక్కడ స్పాంజి పొదలు వరసగా పెట్టండి. ఆకాశం కింద తెల్లగా, పైకి నీలంగా. మబ్బులు వేయకపోవడమే మంచిది, అవి ఎప్పుడూ కదలక కళ్ళకి అడ్డం పడతాయి.

ఇళ్ళు, మనుషులు కొన్నవైనా ఫర్వాలేదు, రంగు మార్చుకుంటే చాలు. మనిషి ఎత్తు రెండు సెంటీమీటర్ల లోపు. స్టేషను బోర్డు మాత్రం మీరే చేయండి: పసుపు మీద నల్ల అక్షరాలు. పర్లాకిమిడి అయితే ఒడియా, హిందీ, ఇంగ్లీషు. గెడ్డ దాటి పాతపట్నం అయితే ఒడియా బదులు తెలుగు. స్టేషను బయట టీ బడ్డీకి తెలుగులో ఒక పక్క, ఒడియాలో ఒక పక్క రాసిన బోర్డు పెట్టాను. మా ఊరు అలాగే ఉంటుంది.

పని లేనప్పుడు మొత్తం మీద పాత నూలు చీర కప్పండి. ప్లాస్టిక్ కప్పితే లోపల చెమ్మ పట్టి గోనె పోగులు బూజు పడతాయి.  నెలకోసారి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో పట్టాలు తుడవండి.

అన్నీ అయ్యాక తాతగారిని మళ్ళీ పిలిచాను. ఈసారి కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. ఎగువ మడి గండి దగ్గర వేలు పెట్టి, గుంట వెంబడి జరుపుకుంటూ, తూములోంచి దాటించి, గెడ్డ దాకా తీసుకెళ్ళారు. వేలు ఎక్కడా ఆగలేదు. తర్వాత తూము గోడ చూపించి, "ఇక్కడ నీటి మరక ఉంటది బాబూ, ఈ ఎత్తు దాకా" అన్నారు. నల్ల రంగులో నీళ్ళు ఎక్కువ కలిపి, సన్న బ్రష్‌తో ఆయన చూపించిన ఎత్తులో గీశాను.